కబాలా చదువదలచిన వారి ప్రశ్నలు

జార్జి టౌనులో మా ఆదివారపు చదువుల కూటం మొదలై పాతికేళ్లు దాటింది. కూటమంటే పెద్ద సభ అనుకోవద్దు. ఒక మేడమీది గది, రెండు చాపలు, ఒక బీరువా నిండా పుస్తకాలు, సాయంకాలం ఐదు గంటలకు వచ్చే పది పన్నెండుమంది మనుష్యులు, అంతే. గుమాస్తాలు, దుకాణాలలో లెక్కలు వ్రాసేవారు, పెన్షను పుచ్చుకొంటున్నవారు, ఇద్దరు ముగ్గురు గృహిణులు. భాగవతం చదువుతాం, ఉపనిషత్తులు చదువుతాం. ఒక్కొక్కప్పుడు ఇతర మతాల గ్రంథాలు కూడా ఇంగ్లీషులో తెచ్చుకొని, మాకు బోధపడినంత మేరకు తెలుగులో చెప్పుకొంటాం.

ఈమధ్య ఒక ఆదివారం మా పాత మిత్రుని కుమార్తె మేడ యెక్కి వచ్చింది. కాలేజీ చదువు ముగించి ఉద్యోగంలో చేరిన పిల్ల. చాపమీద కూర్చొని నోటుపుస్తకం తెరిచింది.

"పెదనాన్నగారూ, కబాలా అని యూదుల విద్య ఒకటి వున్నదట. గురువులు కంప్యూటరులోనే పాఠం చెబుతారట, పదిమందిని ఒక గుంపుగా చేర్చి చదివిస్తారట. నాకు చేరాలని వున్నది. చేరేముందు మిమ్మల్ని అడిగి రమ్మన్నారు నాన్నగారు" అన్నది.

నాన్నగారు అనే మాట వినగానే మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాం. ఆ సంగతి తరువాత చెబుతాం. అమ్మాయిని మాత్రం మూడు ఆదివారాలు గడువు అడిగాం. మాలో పండితులెవరూ లేరు. అయినా కన్నెమెరా గ్రంథాలయానికి ఒకరు, అడయారుకు ఒకరు వెళ్లి, దొరికిన పుస్తకాలు చూసి, ఆమె ప్రశ్నలకు తోచిన సమాధానాలు సమకూర్చాం. ఇటువంటి ప్రశ్నలు మన కుటుంబాలలో మరికొందరు పిల్లలకూ వుండవచ్చునని వాటిని ఇక్కడ వ్రాస్తున్నాం.

యూదులకూ మనకూ ఏమిటి సంబంధం?

అమ్మాయి అడగకపోయినా మాలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. సంబంధం మన వీధిలోనే వున్నది. మణ్ణడి దగ్గర కోరల్ మర్చంట్ వీధి మీదుగా రోజూ నడిచేవారే మాలో చాలమంది. పగడాల వర్తకుల వీధి అని ఆ పేరుకు అర్థం. పదిహేడవ శతాబ్దంలో పోర్చుగలు సంతతి యూదులు లండను నుంచి ఇక్కడికి వచ్చి, మధ్యధరా సముద్రపు పగడాలు అమ్మి, గోలకొండ వజ్రాలు కొని పంపేవారు. ఆ వజ్రాలు కృష్ణ వొడ్డున మన తెలుగుగడ్డ మీద తవ్వినవే. 1688 లో చెన్నపట్నానికి నగరసభ ఏర్పడినప్పుడు ఆల్డర్‌మన్లలో యూదు వర్తకులు కూడా వున్నారు. పెద్దనాయకునిపేటలో వుండిన వారి శ్మశానం ఇప్పుడు లేదు. మిగిలిన సమాధిరాళ్లు కొన్ని లాయిడ్సు రోడ్డుకు చేరినవి.

ఆంధ్రదేశంలో కూడా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీము కుటుంబాలు వున్నవి. తాము యూదులమని చెప్పుకొని, ప్రార్థనామందిరం కట్టుకొని, హీబ్రూ నేర్చుకొంటున్నారు. కాబట్టి ఈ విషయం మనకు మరీ దూరపుది కాదు.

కబాలా అంటే ఏమిటి?

హీబ్రూలో ఆ మాటకు "అందుకొన్నది" అని అర్థం. ఒకరు ఇస్తే మరొకరు పుచ్చుకొన్న విద్య. మనం పరంపర అనీ, ఉపదేశం అనీ అనే మాటలకు చాల దగ్గర. ఉపనిషత్తు అనే మాటలోనే దగ్గర కూర్చోవడం వున్నది గదా. అటువంటిదే.

ఇందులో ప్రధాన గ్రంథం జోహర్. చాలభాగం అరమాయికు భాషలో వున్నది. రెండవ శతాబ్దపు షిమోన్ బర్ యోహాయ్ అనే గురువు చెప్పినదని సంప్రదాయం నమ్ముతుంది. పదమూడవ శతాబ్దం చివర స్పెయిను దేశంలో మోషే ద లియోన్ అనే ఆయన చేతుల మీదుగా ఇది వెలువడింది. చాలవరకు అక్కడే, అప్పుడే వ్రాసినదని ఈనాటి పరిశోధకులు అంటారు. అంతకు చాల ముందుదైన సెఫెర్ యెట్సీరా అనే చిన్న గ్రంథం, ఇరవైరెండు అక్షరాలు, పది సెఫిరోతులు కలిసిన 32 మార్గాలతో సృష్టి జరిగిందని చెబుతుంది.

భగవంతుని నిజస్వరూపాన్ని వారు ఎయిన్ సోఫ్ అంటారు. అంటే అంతం లేనిది. మాటకూ మనస్సుకూ అందనిది. ఆ అంతం లేనిది మనకు తెలియవచ్చే పది రీతులే సెఫిరోతులు. జ్ఞానం, వివేకం, దయ, దండన, సౌందర్యం మొదలైనవి. దయ ఒకవైపు, దండన ఒకవైపు, మధ్య వాటిని కలిపే సౌందర్యం. పదింటినీ చెట్టు ఆకారంలో గీస్తారు. దయ హద్దు మీరినా కష్టమే, దండన హద్దు మీరినా కష్టమే అనే మాట పిల్లలను పెంచే ఏ తల్లికైనా వెంటనే బోధపడుతుంది.

హీబ్రూ రానివారు, యూదులు కానివారు చదవవచ్చునా?

ఇందుకు మూడు రకాల సమాధానాలు వున్నవి. పాత సంప్రదాయంలోని గురువులు తోరా, తాల్ముదు చదివి, ఆ ధర్మం ప్రకారం నడిచే యూదులకే చెబుతారు. రెండవది విశ్వవిద్యాలయాల దారి. గెర్షొం షోలెం అనే పండితుడు జెరూసలేములో ఈ విద్య చరిత్రను పరిశోధించి 1941 లో పెద్ద గ్రంథం ప్రకటించారు. జోహరుకు పన్నెండు సంపుటాల ఇంగ్లీషు అనువాదం 2003 నుంచి 2017 వరకు వెలువడింది. ఈ దారికి జాతి, మతం అడ్డురావు. మూడవది ఇటీవలి గురువుల దారి. 1954 లో కాలం చేసిన యెహూదా అష్లాగ్ జోహరుకు హీబ్రూలో వ్యాఖ్య వ్రాసి, ఈ విద్య ఎక్కువమందికి అందవలసిన కాలం వచ్చిందని చెప్పారు. ఈనాడు అన్ని దేశాలవారినీ చేర్చుకొనే గుంపులలో కొన్ని ఆయన పేరు చెప్పుకొనేవే.

హీబ్రూ రాకపోతే మొదలుపెట్టరాదా అంటే పెట్టవచ్చు. కాని అక్షరాలైనా నేర్చుకోవాలి. అక్కడ ప్రతి అక్షరానికీ ఒక అంకె వున్నది. ఒకటి అనే అర్థమిచ్చే "ఎహాద్" అనే మాటలోని అక్షరాల అంకెలు ఒకటి, ఎనిమిది, నాలుగు. మొత్తం 13. ప్రేమ అనే అర్థమిచ్చే "అహవా"లో ఒకటి, అయిదు, రెండు, అయిదు. ఇదీ 13. రెండూ కలిపితే 26. వారు పైకి ఉచ్చరించని భగవన్నామానికి కూడా అదే అంకె. ఏకత్వమూ ప్రేమా కలిస్తే దైవం అని ఆ లెక్క. మనకు ఇది వింతగా తోచరాదు. మేళకర్త రాగాల పేర్లలో కటపయాది లెక్క వున్నది గదా. ధీరశంకరాభరణంలో ధీ తొమ్మిది, ర రెండు. తిరగవేస్తే 29 వ మేళం.

నలభై ఏళ్లు నిండాలంటారు, నిజమేనా?

సగం నిజం. దీని వెనుక ఒక చరిత్ర వున్నది. 1665 లో షబ్బతాయ్ జ్వీ అనే ఆయన తానే రానున్న రక్షకుడనని వెల్లడించుకొన్నాడు. కబాలా తెలిసిన ఒక శిష్యుడు ఆయనను ప్రవక్త హోదాలో సమర్థించాడు. ఎన్నో దేశాల యూదులు నమ్మారు. ఆస్తులు అమ్ముకొని పవిత్రభూమికి ప్రయాణం కట్టినవారు కూడా వున్నారు. మరుసటి ఏడే తురుష్క సుల్తాను ఎదుట ఆయన మతం మార్చుకొన్నాడు. నమ్మినవారి గతి ఏమి చెప్పాలి? తరువాతి శతాబ్దంలో మళ్లీ అటువంటి అలజడి పుట్టినప్పుడు, 1756 లో బ్రోడి పట్టణంలో రబ్బీలు సమావేశమై ముప్పైఏళ్లు నిండనిదే జోహర్, నలభై నిండనిదే లూరియా బోధలు చదవరాదని కట్టడి చేశారు. దెబ్బ తిన్న సంఘం వేసుకొన్న కంచె అది. ఆ లూరియా స్వయంగా ముప్పైఎనిమిదేళ్లకే కాలం చేశారు. కాబట్టి వయస్సుకంటె నిలకడ ముఖ్యమని పెద్దల ఉద్దేశం కాబోలు.

గురువు ఎందుకు? గుంపు ఎందుకు?

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు మనవాళ్లు. తాల్ముదులో ఒక కథ వున్నది. నలుగురు జ్ఞానులు ఒక తోటలో ప్రవేశించారట. ఒకడు చూసి చనిపోయాడు. ఒకనికి మతి చలించింది. ఒకడు అక్కడి మొక్కలు నరికాడు, అంటే ధర్మం విడిచాడు. అకీవా ఒక్కడే క్షేమంగా లోపలికి వెళ్లి క్షేమంగా బయటికి వచ్చాడు. ఆ నలుగురూ సామాన్యులు కారు. అయినా ఒక్కడే తిరిగివచ్చాడు. మొదలుపెట్టేవారికి ముందుగా చెప్పే కథ ఇది.

ఇక గుంపు సంగతి. జోహరులో షిమోన్ బర్ యోహాయీ, ఆయన సహచరులూ దారి వెంట నడుస్తూ, చెట్టు కింద కూర్చుంటూ మాట్లాడుకొంటారు. యూదుల పాఠశాలలలో ఇద్దరిద్దరుగా కూర్చొని ఒకే పుటమీద వాదించుకొంటూ చదవడం నేటికీ ఆచారం. ఒకడు చెప్పినదానికి రెండవవాడు తల వూపడం గొప్ప కాదు. అడ్డు ప్రశ్న వేయడమే గొప్ప.

గలిలయ కొండలలోని సఫెదు అనే వూరు ఇందుకు ప్రసిద్ధం. ఇసాకు లూరియా 1570 లో అక్కడికి వచ్చి, 1572 లోనే చనిపోయారు. స్వయంగా వ్రాసినది చాల తక్కువ. సృష్టికి ముందు భగవంతుడు తనను తాను కుదించుకొని లోకానికి చోటిచ్చాడనీ, వెలుగు పట్టలేక పాత్రలు పగిలిపోయినవనీ, చెదిరిన ఆ వెలుగు రవ్వలను మంచి పనులతో ఏరి చక్కబెట్టడమే మనిషి పని అనీ ఆయన బోధ. దానిని గ్రంథస్థం చేసినవారు హయీం వితాల్ అనే శిష్యుడు. 1575 లో పన్నెండుమంది సహచరులు, వితాల్ దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఈ విద్య నేర్వమనీ, బయటికి చెప్పమనీ సంతకాలు చేశారు.

ఇక్కడ అమ్మాయి మమ్మల్ని ఆపింది. "అయితే రహస్యం పాటించమంటే పాటించవలసిందేనా, పెదనాన్నగారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే మా తప్పు మేము చెప్పుకోక తప్పదు.

మా అనుభవం

పన్నెండేళ్ల కిందట ఒక ఉపదేశకుడు మా పేటలో హాలు ఒకటి అద్దెకు తీసుకొన్నాడు. బీజాక్షర రహస్యాలు చెబుతానన్నాడు. కబాలా కాదు, మన విద్య పేరే. మాలో నలుగురం వెళ్లాం. మాటకారి. మొదటి మూడు వారాలు నిజంగానే బాగున్నది. మేమే వెళ్లి గోడౌన్ వీధిలో బట్టల దుకాణంలో లెక్కలు వ్రాసే మా మిత్రుణ్ణి కూడా పిలుచుకొని వచ్చాం. ఈ అమ్మాయి తండ్రి ఆయనే.

తరువాత మెట్లు మొదలైనవి. మొదటి మెట్టుకు ఇంత, రెండవ మెట్టుకు ఇంత. రసీదు లేదు. ఇంట్లో చెప్పరాదు. సందేహం అడిగితే అహంకారం. మాలో ముగ్గురం మూడు నెలలకు, నాలుగవ ఆయన మరి రెండు వారాలకు మెల్లగా జారుకొన్నాం. మానివేసినవారి ఇంటికి కీడు మూడుతుందని అక్కడ చెప్పారట. మా మిత్రుడు భయపడి నిలిచిపోయాడు. భార్య గాజులు షావుకారుపేటలో తాకట్టు పెట్టి అయిదవ మెట్టు దాకా వెళ్లాడు. ఒక సోమవారం పోయి చూస్తే హాలుకు తాళం వేసి వున్నది.

మేము జారుకొన్నప్పుడు ఆయనతో ఒక్క మాట చెప్పలేదు. రహస్యం అన్నారు గనుక నోరు మూసుకొన్నాం. అది విద్యమీద గౌరవం కాదు, మొహమాటం. ఆయన సిగ్గుతో మా కూటానికి రావడం మానివేశాడు. మేమూ సిగ్గుతో ఆయన ఇంటికి వెళ్లడం మానివేశాం. గాజులు విడిపించడానికి వారికి నాలుగేళ్లు పట్టిందని తరువాత విన్నాం.

లెక్కల పుస్తకాలతో బ్రతికేవాళ్లం మేము. ఆనాడు మాకు తట్టని సంగతి ఈనాడు తెలిసింది. విద్య గోప్యంగా వుండవచ్చు. లెక్కలు గోప్యంగా వుండరాదు. పాఠం రహస్యం కావచ్చు, ఎవరి దగ్గర నేర్చారు, ఎంత పుచ్చుకొంటారు, మానివేస్తే ఏమంటారు అనేవి రహస్యాలు కారాదు. సఫెదు శిష్యులు రహస్యం దాచారు నిజమే. కాని ఎవరి దగ్గర ఏమి నేర్చేదీ సంతకం చేసి మరీ వ్రాసుకొన్నారు.

మన తెలుగువారిలో ఒక ఉదాహరణ

గోప్యాన్ని గౌరవిస్తూనే గురువుతో విభేదించడం ఎట్లాగో మన కాకినాడవాడు ఒకరు ఈ పట్నంలోనే చూపించారు. తల్లాప్రగడ సుబ్బారావుగారు 1856 లో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ఇక్కడే వకీలు అయ్యారు. 1875 లో న్యూయార్కులో పుట్టిన దివ్యజ్ఞాన సమాజం 1882 చివర అడయారుకు మారిన రోజులవి. బ్లావట్‌స్కీ దొరసానికీ, ఆల్కాటు దొరకూ సుబ్బారావుగారంటే ఎంతో గౌరవం. 1886 డిసెంబరు మహాసభలో ఆయన భగవద్గీత మీద చేసిన ఉపన్యాసాలు తరువాత పుస్తకంగా వచ్చినవి. ఆ నెలలోనే అడయారు గ్రంథాలయం కూడా ప్రారంభమైనది.

బ్లావట్‌స్కీ తన మహాగ్రంథం సీక్రెట్ డాక్ట్రిన్ వ్రాతప్రతిని ఆయనకు దిద్దడానికి పంపారు. కబాలాను మన వేదాంతంతో పోల్చి చూసే భాగాలు అందులో చాల వున్నవి. సుబ్బారావుగారు దిద్దడానికి ఒప్పుకోలేదు. మనిషిలోని తత్త్వాలు ఏడు అని ఆమె, నాలుగుగా చూడడమే మేలని ఆయన, 1887 లో థియొసాఫిస్టు పత్రికలోనే అందరూ చదివేటట్లు వాదించుకొన్నారు. మరుసటి ఏడు ఆయన సమాజం నుంచి తప్పుకొన్నారు. గ్రంథం 1888 లో లండనులో వెలువడింది. ఆయన 1890 లో చనిపోయేనాటికి ముప్పైనాలుగేళ్లు నిండలేదు.

ఇందులో ఎవరు ఒప్పు అనేది మా తాహతుకు మించిన మాట. మేము గమనించినది ఒక్కటే. ఆయన అడిగారు, వాదించారు, కాదన్నారు, బయటికి వచ్చారు. ఇన్నీ పట్టపగలు జరిగినవి.

చేరేముందు ఏమి అడగాలి?

అడగనిదే అమ్మయినా పెట్టదు. మేము అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాయించినవి ఇవి.

1. అయ్యా, మీరు ఎవరి దగ్గర చదివినారు? వారి పేరు, వారి గ్రంథం ఏది?

2. ఏ పుస్తకం చదివిస్తారు? మూలమా, అనువాదమా? మేము విడిగా కొని చదువుకోవచ్చునా?

3. మొదటి ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత? రసీదు ఇస్తారా?

4. మా ఇంటివారు ఒకరోజు వచ్చి కూర్చొని వినవచ్చునా?

5. మీరు చెప్పినది మాకు తప్పని తోస్తే గుంపులో పైకి అడగవచ్చునా?

6. రోగం నయమవుతుంది, ధనం వస్తుంది అని చెబుతారా? చెబితే అది వేరే వ్యాపారం. ఎర్రదారం కొని మణికట్టుకు కట్టుకొంటే చాలుననేవారికీ, చెదిరిన వెలుగును మంచి పనులతో ఏరుకోమన్న లూరియా బోధకూ చాల దూరం వున్నది.

ఈ ఆరూ వ్రాసిన తరువాత అమ్మాయి కొంచెం తటపటాయించింది. "ఇంకొకటి వున్నది. ఇది నాన్నగారు అడగమన్నారు" అన్నది.

"ఏమిటమ్మా?"

"మానివేయదలచుకొంటే ఏమంటారు అని."

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడవ ప్రశ్నగా అదే వ్రాయించాం. మొదట వుండవలసిన ప్రశ్న అదే. మంచి గురువు సుఖంగా వెళ్లిరమ్మంటాడు. సెలవిచ్చేటప్పుడు మనస్సు నొచ్చుకొంటాడేమో గాని శాపం పెట్టడు. మంచి సహచరులు మరుసటి వారం ఇంటికి వచ్చి, ఒంట్లో ఎట్లా వున్నదని అడుగుతారు. ఈ రెండవది మేము చేయలేదు.

ఎట్లా మొదలుపెట్టాలి?

అమ్మాయికి మా సలహా ఇది. ముందు ఆరు నెలలు ఇంట్లో ఇరవైరెండు అక్షరాలు నేర్చుకో. చరిత్ర పుస్తకం ఒకటి చదువు. పక్కన తోడు ఒకరిని పెట్టుకో. నీ మాటకు తల వూపేవారు వద్దు, అడ్డు ప్రశ్న వేసేవారు కావాలి. తరువాత ఆ ఏడు ప్రశ్నలు ఆ గురువులకు వ్రాసి పంపు. సమాధానం వచ్చిన తీరు చూసి చేరు, లేదా మానుకో. వద్దని మేము అనలేదు. ఒకసారి కాలు కాలినంత మాత్రాన పొయ్యి ఆర్పివేసుకొనే ఇల్లు లేదు గదా.

ఆమె సరేనన్నది. ప్రస్తుతం ప్రతి ఆదివారం మా గదిలోనే హీబ్రూ అక్షరాలు దిద్దుతున్నది. మాలో ఇద్దరు తోడుగా కూర్చొంటున్నాం. ఆలెఫ్, బేత్, గిమెల్ దాకా మాకూ వచ్చినవి. చందా లేదు.

కిందటి వారం మేము ముగ్గురం గోడౌన్ వీధికి వెళ్లాం. దుకాణం కట్టివేసే వేళ. మా మిత్రుడు లెక్కల పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, మమ్మల్ని చూశాడు. పన్నెండేళ్ల కిందట చెప్పవలసిన మాట ఆనాడు చెప్పాం. ఆయన ఎక్కువగా మాట్లాడలేదు. కాఫీ తెప్పించాడు. కూటానికి వస్తానని గాని, రానని గాని అనలేదు. "అమ్మాయి అడిగినవాటికి సరిగా చెప్పారట గదా" అని మాత్రం అన్నాడు.

పాఠక సోదరీసోదరులలో ఎవరికైనా ఇటువంటి సందేహాలు వుంటే సంఘం కార్యాలయానికి వ్రాయవచ్చు. తెలిసినంతవరకు చెబుతాం. తెలియనిది తెలియదని కూడా చెబుతాం.